వానాకాలపు ఆఫీసు బూట్లు: నీటిని ఆపడం కంటే నేలను పట్టుకోవడం ముఖ్యం

జూన్‌లో నైరుతి రుతుపవనాలు తెలుగు రాష్ట్రాలను తాకిన నాటి నుంచి సెప్టెంబరు చివరి దాకా, హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో బస్టాపు నుంచో మెట్రో స్టేషను నుంచో ఆఫీసు వరకు నడిచేవారికి రోజూ ఒకే చిక్కు ఎదురవుతుంది. రోజంతా నలుగురి ముందు మర్యాదగా కనిపించాల్సిన బూట్లతోనే బురదనీ, గుంటల్లో నిలిచిన నీళ్లనీ, తడి మెట్లనీ దాటాలి. కోస్తా జిల్లాల్లో అయితే అక్టోబరు, నవంబరు నెలల తుఫాను వానలు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. ఈ అవసరంతో చెప్పుల దుకాణానికి వెళ్లినవారు సాధారణంగా ముందు అడిగేది “ఇవి వాటర్‌ప్రూఫేనా?” అని. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు గానీ, మన వానకు అది మొదటి ప్రశ్న కాకూడదు. తడిసిన నున్నటి గచ్చు మీద ఈ సోల్ నిలుస్తుందా అన్నది మొదట తేల్చుకోవాలి. ఈ రోజు తడిస్తే ఎల్లుండికైనా పూర్తిగా ఆరుతుందా అన్నది ఆ తరువాత. నీరు లోపలికి రాకుండా ఆపే గుణం ఈ రెండింటికీ వెనక నిలబడాలి.

ఈ వరస ఇలా ఎందుకు ఉండాలో తెలియాలంటే మన వాన తీరు చూడాలి. ఇంగ్లండు వంటి చోట్ల వాన చాలా రోజులు సన్నని తుంపరగా పడుతుంది. రోడ్డు తడుస్తుంది గానీ నీరు నిలవడం తక్కువ. అక్కడ బూటులోకి తడి చేరేది తోలు గుండా, కుట్ల గుండా, కొద్దికొద్దిగా. మన దగ్గర వాన గంటసేపు కుండపోతగా కురిసి ఆగిపోతుంది. మురుగుకాలువలు ఆ ఉరవడిని తట్టుకోలేక రోడ్డు మీదికి పొంగుతాయి. నడిచేవారు చీలమండ లోతు నీళ్లలో నాలుగడుగులు వేయక తప్పదు. ఆఫీసు బూటు పై అంచు చీలమండ ఎముకకు కిందనే ఉంటుంది కాబట్టి నీరు తోలును దాటుకుని రావాల్సిన పని లేకుండా పై అంచు మీదుగా నేరుగా లోపలికి దిగుతుంది. తోలు ఎంత గొప్పదైనా, అతుకులు ఎంత గట్టివైనా ఆ క్షణంలో ఉపయోగం లేదు.

ఇక్కడే వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న ఖరీదైన బూట్ల సంగతి జాగ్రత్తగా ఆలోచించాలి. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్‌ను వేగంగా సాగదీసి, అతి సూక్ష్మమైన రంధ్రాలుండే పొరగా మార్చే పద్ధతి కనుగొన్నాడు. గోర్‌టెక్స్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ పొర రంధ్రాల్లోంచి నీటి చుక్క దూరలేదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోగలదు. వినడానికి ఇంతకంటే కావలసింది లేదనిపిస్తుంది. అయితే ఆవిరి తనంతట తాను బయటికి పోదు. లోపలి గాలిలో ఆవిరి పీడనం ఎక్కువగానూ, బయటి గాలిలో తక్కువగానూ ఉన్నప్పుడే ఆ తేడా దాన్ని బయటికి తోస్తుంది. పాదం చుట్టూ గాలి 33 డిగ్రీల వేడితో తేమ నిండి ఉందనుకుందాం. బయట 8 డిగ్రీల చలిలో 90 శాతం తేమ ఉన్నా, లోపలికీ బయటికీ ఆవిరి పీడనంలో తేడా దాదాపు 4 కిలోపాస్కళ్లు (పీడనాన్ని కొలిచే ప్రమాణం) ఉంటుంది. అదే బయట 27 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న జూలై సాయంత్రమైతే ఆ తేడా 2 కిలోపాస్కళ్లకు, అంటే సగానికి, పడిపోతుంది. చలిదేశంలో చక్కగా పనిచేసే పొర మన వానాకాలంలో చెమటను చాలినంతగా బయటికి పంపలేదు. పైగా నీరు పై అంచు మీదుగా ఒకసారి లోపలికి దిగిందంటే, బయటి నీటిని రానీయని ఆ పొరే లోపలి నీటిని బయటికి పోనీయదు. అలాంటి బూట్లు ఆరడానికి మామూలు బూట్ల కంటే ఎక్కువ సమయం పడుతుంది.

లండన్‌లోనో సియాటిల్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువారికి ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడి చలి తుంపరకు ఆ పొర ఉన్న బూట్లే తగినవి, పెట్టిన డబ్బుకు న్యాయం చేసేవి. కానీ అక్కడి అనుభవంతో ఇక్కడి బంధువులకు అవే కొనిపెట్టడం మంచి ఉద్దేశమే అయినా మంచి ఎంపిక కాదు.

ఇక పట్టు విషయం. వానాకాలంలో నడక ప్రమాదాలు రోడ్డు మీదనే జరుగుతాయని అనుకుంటాం గానీ, గరుకైన తారు రోడ్డు తడిసినా కాలును బాగానే పట్టుకుంటుంది. అసలు ప్రమాదం రోడ్డు అయిపోయి భవనం మొదలయ్యే చోట ఉంది. మన కార్యాలయాల ముంగిళ్లలో, బ్యాంకు మెట్ల మీద, ఆసుపత్రుల వరండాల్లో అద్దంలా మెరిసే గ్రానైటు పరచడం ఒక ఆనవాయితీ అయిపోయింది. చీమకుర్తి నల్ల గ్రానైటుకూ, కరీంనగర్ గ్రానైటుకూ ఉన్న పేరులో ఆ మెరుపుకూ వాటా ఉంది. కానీ అంత మెరుపు పట్టిన రాయి మీద నీరు పడితే నడిచేవారికి గండమే. విట్రిఫైడ్ టైల్స్ సంగతీ ఇంతే. పాత ఇళ్లలో పరిచిన తాండూరు బండ, కడప బండ పాలిష్ పెట్టకుండా ఉన్నంత వరకు ఇంత జారవు. వాటి మీద పాచి పట్టినప్పుడే భయం.

జారడం ఎలా జరుగుతుందో చూస్తే సోల్‌లో ఏమి వెతకాలో తెలుస్తుంది. నడకలో ముందు నేలను తాకేది మడమ వెనక అంచు. నున్నటి తడి గచ్చు మీద ఆ అంచు పడగానే సోల్‌కూ రాతికీ మధ్య పలుచని నీటి పొర చిక్కుకుంటుంది. ఒంటి బరువు మడమ మీదికి పూర్తిగా వచ్చేలోగా ఆ నీరు పక్కలకు తప్పుకుంటే రబ్బరు రాతిని పట్టుకుంటుంది. తప్పుకోకపోతే కాలు నీటి పొర మీదనే ముందుకు పోతుంది. గాడులు ఉండేది ఆ నీటికి దారి ఇవ్వడానికి. అయితే కొండలెక్కే బూట్లకుండే లోతైన, వెడల్పాటి పళ్లు మట్టిలో దిగబడటానికి పనికొస్తాయి గానీ గ్రానైటు మీద అంతగా ఆదుకోవు, ఎందుకంటే పళ్ల మధ్య ఖాళీ ఎక్కువైనకొద్దీ రాతిని తాకే రబ్బరు తగ్గుతుంది. నున్నటి గచ్చుకు కావలసినవి దగ్గరదగ్గరగా, సన్నగా, అంచులు పదునుగా కోసిన గాడులు. 1935లో పాల్ స్పెర్రీ అనే అమెరికన్ తన కుక్క మంచు మీద జారకుండా పరుగెత్తడం గమనించి, దాని పాదంలోని గీతల మాదిరిగా రబ్బరు సోల్‌లో సన్నని వంకర గీతలు కోశాడు. తడిసిన పడవ మీద నిలబడటానికి పుట్టిన ఆ బూట్ల సూత్రమే ఇప్పటికీ తడి గచ్చుకు సరిపోతుంది.

గీతల కంటే ముఖ్యమైనది ఆ సోల్ ఏ పదార్థంతో చేసిందన్నది. మెత్తని రబ్బరు రాతి మీది కంటికి కనిపించని గరుకులోకి ఒదిగి పట్టుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ ఒదగదు. చవక రకం ఆఫీసు బూట్లలో చాలావాటికి పీవీసీ సోల్ వేస్తారు. అది చూడటానికి రబ్బరులాగే ఉంటుంది, త్వరగా అరగదు కూడా, కానీ తడి టైల్ మీద నమ్మదగింది కాదు. దుకాణంలోనే పరీక్షించవచ్చు: బొటనవేలి గోరుతో సోల్‌ను గట్టిగా నొక్కితే కొంచెం లోపలికి దిగి మళ్లీ పైకి రావాలి, గోరు జారిపోయి గీత కూడా పడకపోతే అది గట్టి రకమే. ఈ చిన్న పరీక్షకు దుకాణదారు ఎవరూ అభ్యంతరం చెప్పరు. తోలు సోల్ ఉన్న బూట్లు ఎంత అందంగా ఉన్నా వానాకాలంలో అలమారాలోనే ఉండాలి, ఎందుకంటే ఆ సోల్ నీటిని పీల్చుకుని మెత్తబడి త్వరగా అరుగుతుంది, తడి రాతి మీద జారుతుంది. అలాంటి జత ఒక్కటే ఉన్నవారు కింద పలుచని రబ్బరు అరసోల్ అతికించుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. కర్మాగారాల్లో వాడే సేఫ్టీ బూట్ల మీద ఎస్‌ఆర్‌సీ అనే గుర్తు కనిపిస్తుంది. సబ్బునీరు పోసిన టైల్ మీద, గ్లిజరిన్ పూసిన ఉక్కు మీద రెండింటా పరీక్షించారని దాని అర్థం. 2022 నాటి కొత్త అంతర్జాతీయ ప్రమాణంలో దాని స్థానంలోకి ఎస్‌ఆర్ అన్న గుర్తు వచ్చింది. ఆఫీసు బూట్ల తయారీదారులు ఇలాంటి గుర్తులు వేయడం అరుదు. మెరుగు గురించి, మెత్తదనం గురించి పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసేవారు జారుడు గురించి ఒక్క మాట రాయకపోవడం విచారించాల్సిన విషయం. కొనేవారు అడగడం మొదలుపెడితే తప్ప అది మారదు.

ఆడవారి పాదరక్షల్లో ఈ సమస్య ఇంకా తీవ్రం. సన్నని హీల్ నేలను తాకే చోటు చాలా చిన్నది, దాని కొనకు వేసేది సాధారణంగా గట్టి ప్లాస్టిక్ బిళ్ల. చీర కుచ్చిళ్లనో చుడీదారు అంచునో ఒక చేత్తో, గొడుగును మరో చేత్తో పట్టుకుని మెట్లు దిగేవారికి కాలు జారితే ఆపుకోవడానికి చెయ్యి కూడా ఖాళీగా ఉండదు. ఎత్తు కావాలనుకుంటే వెడల్పాటి మడమ, దాని కింద రబ్బరు, మడమ వెనక పట్టీ ఉన్న సాండల్స్ వానకు తగినవి. వెనక పట్టీ లేని చెప్పులు తడి పాదం కింద పక్కకు జారతాయి. పైగా ప్రతి అడుగుకూ మడమను కొట్టుకుంటూ బురదను పిక్కల దాకా చిమ్ముతాయి. హవాయి చెప్పుల్లో ఆఫీసుకు వెళ్లేవారి ప్యాంట్ల వెనక కనిపించే చుక్కలకు కారణం ఇదే.

పైభాగానికి వస్తే, తోలు అనే ఒకే మాట కింద చాలా రకాలు అమ్ముతారు. పైపొరను తీయకుండా ఉంచి, సహజమైన రంధ్రాలు కనిపించే తోలు మిగతా రోజులకు ఉత్తమమైనది. కానీ వానకు మాత్రం పైన పలుచని రంగు పూత వేసి నున్నగా చేసిన తోలు ఎక్కువ అనుకూలం. పండితులైన బూటు ప్రేమికులు దీన్ని తక్కువగా చూస్తారు గానీ, బురదను తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయే గుణం దీనికే ఉంది. స్వెడ్, నూబక్ వంటి నూగు తోళ్లు మురికినీటి మరకను వదలవు. తోలులా కనిపించే రెక్సిన్ మొదటి వానలో బాగానే నిలుస్తుంది, కానీ దాని పై పూత వేడికి, తేమకు పొలుసులుగా లేచిపోతుంది, ఒకసారి లేచిన తరువాత బాగుచేసే దారి లేదు. రంగు విషయంలో నలుపు, ముదురు గోధుమ రంగులు తడి మరకలను దాచుకుంటాయి. లేత గోధుమ రంగు తోలు మీద నీటి అంచు గీతలా మిగిలిపోతుంది. నీరు తొందరగా చొరబడేది లేసుల కింది నాలుక పక్కల నుంచి కాబట్టి, నాలుక రెండు పక్కలా పై తోలుకు కలిపి కుట్టి ఉన్న జత దొరికితే దాన్ని వదులుకోకూడదు.

సోల్‌ను పైభాగానికి ఎలా కలిపారన్నది బయటికి కనిపించని విషయం, కానీ బూటు ఆయుష్షు దాని మీదే ఆధారపడి ఉంటుంది. మన మార్కెట్లో ఎక్కువ భాగం జిగురుతో అతికించినవే. మంచి జిగురు, శుభ్రంగా గరుకు చేసిన తోలు ఉంటే అది చెడ్డ పద్ధతి కాదు. నీరు దూరడానికి కుట్టు రంధ్రాలు ఉండవు కాబట్టి ఒక రకంగా వానకు మేలే. ఖరీదైన బూట్లలో తోలు పట్టీని మధ్యలో పెట్టి కుట్టే పద్ధతిని గుడ్‌ఇయర్ వెల్ట్ అంటారు. ఈ పేరు వింటే రబ్బరు గుర్తుకు రావచ్చు: రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే పద్ధతిని 1839లో కనుగొన్నది చార్లెస్ గుడ్‌ఇయర్. వెల్ట్ పద్ధతిలో బూట్లు కుట్టే యంత్రాన్ని 1870లలో వాడుకలోకి తెచ్చినది అదే పేరున్న ఆయన కుమారుడు. వెల్ట్ బూట్లు నీటిని నిదానంగా రానిస్తాయి, సోల్ అరిగితే మార్చుకోవచ్చు, కానీ బరువు, ధర రెండూ ఎక్కువ, ఆరడం ఆలస్యం.

కొత్త బూట్లు కొన్న వెంటనే వీధి చివర చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్లి చుట్టూ కుట్టు వేయించుకోవడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. సోల్ ఊడిపోకుండా చేయడానికి ఇది నిజంగా పనికొస్తుంది, నెలల తరబడి ఒకే జత వాడేవారికి ఇది సరైన పొదుపే. అయితే సూది వేసిన ప్రతి రంధ్రమూ నీటికి దారే. కుట్టు వేయించుకున్నవారు ఆ గీత వెంబడి మైనం రుద్దించుకుంటే, లేదా కుట్టే దారాన్నే మైనం పట్టించి వాడమని అడిగితే చాలావరకు నష్టం తగ్గుతుంది. అనుభవమున్న పనివారికి ఈ సంగతి చెప్పాల్సిన అవసరం కూడా ఉండదు.

సౌకర్యం గురించి సాధారణంగా చెప్పే సలహాలు వానాకాలానికీ వర్తిస్తాయి: సాయంత్రం పూట, పాదాలు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు కొలుచుకోవడం, పొడవైన వేలి ముందు అర అంగుళం దాకా చోటు వదలడం. వానకు ప్రత్యేకంగా చూడాల్సింది లోపలి మెత్తని అట్ట. అది చేత్తో బయటికి తీయగలిగేదిగా ఉండాలి. లోపల అతికించిన స్పాంజి తడిస్తే రెండు రోజులైనా ఆరదు, వాసన పట్టుకుంటుంది. బయటికి తీసేది అయితే ఫ్యాను కింద ఒక రాత్రిలో ఆరుతుంది. సాక్సు నూలువి అయితే నీటిని పట్టుకుని పాదానికి అంటుకుపోతాయి; నైలాను, పాలిస్టరు కలిసినవి త్వరగా ఆరతాయి. లేసులు లేకుండా తొడుక్కునే లోఫర్లు మనకు మరో కారణంగా అనుకూలం: ఇళ్లలో, గుళ్లలో, కొన్ని క్లినిక్కుల్లో గుమ్మం బయటే విడవాలి కాబట్టి తడి లేసులతో తంటాలు ఉండవు. కానీ వాటి పై అంచు ఇంకా కిందికి ఉంటుంది, తడిసి సాగితే మడమ దగ్గర వదులవుతాయి. రోజులో ఎక్కువసార్లు విడవాల్సినవారికి లోఫర్లు, ఎక్కువ దూరం నడవాల్సినవారికి లేసుల బూట్లు అన్నది సరైన విభజన.

రోడ్డు మీద నీరు నిలిచిన రోజున ఏ ఆఫీసు బూటూ సరైన సమాధానం కాదు. వెనక పట్టీ ఉన్న రబ్బరు సాండల్స్‌తో నడిచి, ఆఫీసుకు చేరాక కాళ్లు కడుక్కుని తుడుచుకుని, సంచిలోనో బల్ల కిందనో ఉంచుకున్న పొడి బూట్లు తొడుక్కోవడమే ఆ రోజుకు ఉత్తమం. మహానగరాల్లో చాలామంది ఇప్పటికే చేస్తున్న పని ఇది, దీన్ని నామోషీగా భావించనక్కరలేదు. పొంగిన నీళ్లలో మురుగు, ఎలుకల మూత్రం కలిసి ఉంటాయి. కాలి మీద చిన్న గీత ఉన్నా లెప్టోస్పైరోసిస్ వంటి జ్వరానికి అది దారి కావచ్చు. మధుమేహం ఉన్నవారిలో పాదాల స్పర్శ తగ్గి, గుచ్చుకున్నదీ ఒరుసుకున్నదీ తెలియకపోవచ్చు. వారు ఇంటికి రాగానే వేళ్ల సందులతో సహా పాదాలను కళ్లతో చూసుకోవడం తప్పనిసరి. ఎవరికైనా సరే, తడి సాక్సుతో గంటల తరబడి కూర్చుంటే వేళ్ల మధ్య చర్మం తెల్లగా నాని, చీలి, దురద పెట్టే శిలీంధ్రం చేరుతుంది.

తడిసిన తోలు బూట్లను ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ వేడి తగిలించినా తోలులోని నూనెలు పోయి అది బిగుసుకుని, వంగే చోట పగుళ్లిస్తుంది. బురద కడిగేసి, లోపలి అట్ట తీసి, పాత వార్తాపత్రికలు ఉండలుగా చుట్టి కుక్కి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ, ఫ్యాను గాలి తగిలే నీడలో పక్కకు వాల్చి ఉంచాలి. పూర్తిగా ఆరడానికి ఒక రోజు నుంచి రెండు రోజులు పడుతుంది కాబట్టి, ఉన్న డబ్బుతో ఒక ఖరీదైన జత కొనడం కంటే మధ్యరకం జతలు రెండు కొని మార్చి మార్చి తొడుక్కోవడం వానాకాలంలో నిశ్చయంగా మెరుగైన పద్ధతి. ఆరిన తరువాత క్రీము పట్టించి, దాని మీద మైనం పాలిష్ వేస్తే చినుకులు గుండ్రంగా జారిపోతాయి. ఆరకముందే పాలిష్ వేస్తే తేమ లోపలే చిక్కుకుని బూజు పడుతుంది.

చాలామందిని వానాకాలం మొదట్లోనే ఇబ్బంది పెట్టే విషయం మరొకటి ఉంది. తేలికగా, మెత్తగా ఉండే పాలీయురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్ నురగ) సోళ్లు వాడకపోయినా పాడవుతాయి. వాటిలో పాలిస్టర్ రకానికి చెందినవి గాలిలోని తేమతోనే నెమ్మదిగా విడిపోతూ, కొన్నేళ్లకు పైకి బాగానే కనిపిస్తూ, ఒక రోజున నడుస్తుండగానే ముక్కలుముక్కలుగా రాలిపోతాయి. పెళ్లిళ్లకో ఇంటర్వ్యూలకో అని పెట్టెలో దాచిన బూట్లు ఇలా దారి మధ్యలో విడిపోవడం వెనక ఉన్న కారణం ఇదే. దుకాణంలో చాలాకాలం నిలవ ఉండి తగ్గింపు ధరకు వచ్చే జతల్లోనూ ఇదే ప్రమాదం ఉంటుంది. అందువల్ల మే నెల చివర్లో ఒకసారి ఉన్న బూట్లన్నీ బయటికి తీసి, సోల్‌ను రెండు చేతులతో బాగా వంచి చూడాలి. వంగిన చోట సన్నని పగుళ్లు కనిపించినా, వేలికి జిగట తగిలినా, పొడి రాలినా ఆ సోల్ ఈ వానాకాలం దాటదు. పైభాగం బాగుంటే రబ్బరు సోల్ వేయించుకోవడానికి జూన్ వానలు పడేలోగా ఇంకా సమయం ఉంటుంది. ఒకసారి వానలు మొదలయ్యాక మరమ్మతు చేసేవారి దగ్గర రద్దీ పెరుగుతుంది, తడి గాలిలో జిగురు కూడా సరిగా పట్టదు.